ఆ మూడు గంటలూ పాపను మీ పనిలోకి రానివ్వండి

ప్రశ్న: మేము గుంటూరులో ఉంటాం. మా పాపకు రెండేళ్ల తొమ్మిది నెలలు. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఉదయం తొమ్మిదికి వెళ్తే ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. పగలంతా మా అత్తగారే చూసుకుంటారు. పాప రోజంతా కబుర్లు చెబుతూనే ఉంటుంది కానీ ఫోనులో బొమ్మలు పెడితే తప్ప ముద్ద మింగదు. సీసాతో పాలు మాత్రం రోజుకు నాలుగుసార్లు తాగుతుంది. పక్కింటి బాబుదీ ఇదే వయసు. ప్లే స్కూలుకు వెళ్తూ ఏ నుంచి జెడ్ దాకా చెప్పేస్తున్నాడు. మావారు ఇప్పుడే చేర్చేద్దాం అంటారు, అత్తగారు ఇంకా పసిపిల్ల అంటారు. నేను వచ్చాక పాప పడుకునేదాకా దొరికే మూడు గంటలూ వంట, స్నానం, అన్నం అంటూ తొందరపెట్టడంతోనే అయిపోతున్నాయి. కుచ్చిళ్లు పట్టుకుని వంటింట్లో వెంట తిరుగుతుంటే విసుక్కుంటున్నాను, మర్నాడు బస్సులో అది తలచుకుని ఏడుస్తున్నాను. పిల్లల్ని పెంచడంలో ఎంతో ఆనందం ఉందని అందరూ అంటారు. అది నాకెందుకు దొరకడం లేదు? ఏం చేస్తే సరిగ్గా పెంచినట్టు?
— ఒక తల్లి, గుంటూరు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ఫోను ఉంది, పాలు ఉన్నాయి, బడి ఉంది. మీ విసుగును చివర రాశారు. నేను దానితోనే మొదలుపెడతాను. మిగతావాటికి దారి అక్కడి నుంచే కనిపిస్తోంది.

పాప కుచ్చిళ్లు పట్టుకుని తిరుగుతుందన్నారు. తొమ్మిది గంటలు మీకోసం చూసిన పిల్ల మరేం చేస్తుంది? మీరు గడప దాటగానే వంటింట్లోకి వెళ్తే పాప కూడా అక్కడికే వస్తుంది. మీరు గిన్నెల వైపు తిరిగి ఉంటే చీర పట్టుకుని లాగుతుంది. అది మొండితనం కాదు. మీ ముఖం తన వైపు తిప్పుకోవడానికి ఆ వయసులో తెలిసిన పద్ధతి అదొక్కటే. అందుకని రేపటి నుంచి ఒక చిన్న మార్పు చేసి చూడండి. ఇంటికి రాగానే కాళ్లూ చేతులూ కడుక్కుని, బట్టలు మార్చుకుని, ముందుగదిలో నేల మీద కూర్చోండి. ఒక పదిహేను నిమిషాలు చాలు. ఏమీ నేర్పించవద్దు, ఏమీ అడగవద్దు. పాప ఒడిలో ఎక్కితే ఎక్కనివ్వండి, బొమ్మ తెచ్చి చూపిస్తే చూడండి. పదిహేను నిమిషాలు ఆలస్యంగా పొయ్యి వెలిగిస్తే కొంపలేమీ మునగవు. కడుపునిండా మిమ్మల్ని చూసుకున్న పిల్ల తర్వాత తనంతట తానే పక్కకు జరుగుతుంది. బాలబడిలో చాలాకాలం పిల్లల మధ్య గడిపినదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

ఇక వంట. మీరు పాపను వంటింట్లోంచి పంపించి పని త్వరగా ముగించాలని చూస్తున్నారు. పాప వంటింట్లోకే రావాలని చూస్తోంది. రోజూ మీ ఇద్దరికీ జరుగుతున్న పెనుగులాట ఇదే. పాప చేతికి ఒక పని ఇవ్వండి, సగం పెనుగులాట అక్కడే ఆగిపోతుంది. కరివేపాకు రెమ్మల నుంచి ఆకులు దూయడం, తోటకూర ఆకులు తుంచడం, నానబెట్టిన వెల్లుల్లి పొట్టు తీయడం, బియ్యం డబ్బాలోంచి గ్లాసుతో కొలిచి గిన్నెలో పోయడం, ఉల్లిపాయలు బుట్టలోకి ఎత్తడం, అన్నానికి కూర్చునే ముందు ఎవరి కంచం వారి ముందు పెట్టడం, మూడేళ్లు నిండబోతున్న పిల్ల ఇవన్నీ చేస్తుంది. చిక్కుడుకాయల ఈనెలు తీయమంటే సగం ఈనె కాయకే ఉంటుంది. కానివ్వండి, తర్వాత మీరు మళ్లీ తీసుకోవచ్చు. పొయ్యికి, కుక్కరుకు, కత్తిపీటకు దూరంగా, మీకు కనిపించేటట్టు నేల మీద ఒక చాప వేసి కూర్చోబెట్టండి. బఠాణీలు, చింతపిక్కల వంటివి మాత్రం పెద్దవాళ్లు పక్కన కూర్చుంటేనే ఇవ్వండి, ఈ వయసు పిల్లలు వాటిని ముక్కులో పెట్టుకుంటారు.

దీన్ని కాలక్షేపం అనుకోకండి. 1907లో రోమ్‌లోని ఒక పేదవాడలో మరియా మాంటిస్సోరి చిన్నపిల్లల కోసం ఒక ఇల్లు తెరిచినప్పుడు, చేతులు కడుక్కోవడం, బల్ల తుడవడం, గుండీలు పెట్టుకోవడం వంటి ఇంటి పనులకే పెద్దపీట వేశారు. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం కారణంగా 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. ఆమె పద్ధతిలో నడిచే బడుల్లో ఈనాటికీ పిల్లలు ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి గింజలు పోస్తారు, గుడ్డలు మడతపెడతారు. మీ ఇంట్లో ఆ గింజలు రాత్రి వండుకునే బియ్యం, ఆ గుడ్డలు ఆరేసి తెచ్చిన తువ్వాళ్లు. తాను చేసిన పని ఇంట్లో నిజంగా పనికొచ్చిందని పిల్లకు తెలుస్తుంది. అన్నం వడ్డించేటప్పుడు “ఈ కరివేపాకు పాప దూసింది” అని అందరూ వినేటట్టు చెప్పండి. తాను ఆకు తుంచిన పప్పును రుచి చూడకుండా ఉండటం పిల్లలకు కొంచెం కష్టమే!

పని ఆలస్యమవుతుంది, అది నిజమే. కాబట్టి పనినే తగ్గించుకోండి. రాత్రికి పప్పు, ఒక కూర, పెరుగు చాలు. కూర, చారు, వేపుడు, పచ్చడి అన్నీ ఉండాలన్న నియమాన్ని ఆదివారానికి వదిలేయండి. ఎవరైనా అడిగితే పాప పెద్దదయ్యేదాకా ఇంతేనని చెప్పండి.

ఇప్పుడు ఫోను సంగతి. ముందుగా మీ అత్తగారి వైపు నుంచి ఆలోచించాలి. పగటిపూట అన్నం పెట్టేది ఆమె. సాయంత్రం మీరు రాగానే అడిగే మొదటి ప్రశ్న “పాప ఎంత తింది?” అని అనుకుంటున్నాను, చాలా ఇళ్లలో అదే. రోజూ ఆ లెక్క అప్పజెప్పాల్సిన మనిషి ఎలాగోలా నాలుగు ముద్దలు లోపలికి పంపాలనే చూస్తారు. ఫోను అందుకే వచ్చింది. మీరు ఆ ప్రశ్న మానేయండి. “పాప ఇవాళ ఏం కబుర్లు చెప్పింది అత్తయ్యా?” అని అడగండి. అన్నం తక్కువైనా ఎవరూ ఏమీ అనరని ఆమెకు నమ్మకం కుదిరాకే ఫోను పక్కన పెట్టమని అడగండి. దీనికి ఆమె ఒప్పుకోకుండా మీరొక్కరూ రాత్రిపూట యుద్ధం చేస్తే ఓడిపోతారు, పాపకూ అయోమయంగా ఉంటుంది.

పాప ఎందుకు తక్కువ తింటోందో కూడా ఆమెతో మాట్లాడండి. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాది నిండేసరికి తొమ్మిది కిలోల దాకా వస్తుంది. మూడో ఏడాది మొత్తం కలిపి పెరిగేది సుమారు రెండు కిలోలే. అంత నెమ్మదిగా పెరిగే ఒంటికి ఆకలి కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. మొదటి ఏడాది చూసిన ఆకలిని గుర్తుపెట్టుకుని ఇప్పుడు అంతే తినాలంటే ఎలా? టీకాల కార్డులో ఉన్న పెరుగుదల పట్టికలో బరువు గుర్తులు ఒకే గీత వెంట నడుస్తుంటే దిగులు అక్కర్లేదు. గీత అడ్డంగా సాగినా, కిందికి దిగినా డాక్టరుకు చూపించండి. ఫోను మానిపించే ప్రయత్నం ఆ తర్వాత చేద్దురుగాని.

బొమ్మలు చూస్తూ తినే పిల్లకు కడుపు నిండిన సంగతి తెలియదు, ఆకలి సంగతీ తెలియదు. నోరు తెరుస్తుంది, అంతే. 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకు రోజు మొత్తంలో తెర ముందు గంటకు మించి వద్దని మన దేశపు పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదీ దాదాపు అదే. మూడు పూటలా అన్నం దగ్గర అరగంట చొప్పున వేసుకున్నా ఆ గంట దాటిపోతుంది. “మా కాలంలో చందమామను చూపించి తినిపించలేదా, ఇదీ అంతే కదా” అని పెద్దవాళ్లు అంటారు. అంతే కాదు. చందమామను చూపించేటప్పుడు అమ్మ మాట్లాడుతూ ఉంటుంది, బిడ్డ బదులు చెబుతూ ఉంటుంది, ముద్ద ముద్దకూ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. అయినా మూడేళ్లకు దగ్గరపడిన పిల్లకు అదీ అవసరం లేదు. తన చేత్తో తాను తినే వయసు వచ్చేసింది.

ఎలిన్ సాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు తల్లికీ బిడ్డకూ మధ్య పని పంచి పెట్టారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి, ఇవి పెద్దవాళ్లు నిర్ణయించాలి. తినాలా వద్దా, ఎంత తినాలి, ఇది బిడ్డ నిర్ణయించాలి. నాకు ఇది ఎంతో న్యాయంగా అనిపిస్తుంది. మన ఇళ్లలో దీన్ని తిరగేసి చేస్తున్నాం. ఏం పెట్టాలో పిల్లను అడుగుతున్నాం, ఎంత తినాలో మనం చెబుతున్నాం.

ఒక శనివారం మొదలుపెట్టండి, ఆదివారం కూడా మీరు ఇంట్లోనే ఉంటారు. ఇంట్లో అందరి ఫోన్లూ అన్నం వేళకు పడకగదిలోకి పోవాలి, మీ వారిది కూడా. కింద పాత దుప్పటి పరిచి, పాప కంచంలో రెండు చెంచాల అన్నం, కొంచెం ముద్దపప్పు, నెయ్యి, పక్కన మెత్తగా ఉడికిన కూర ముక్కలు నాలుగు పెట్టండి. కొంచెమే పెట్టండి, కావాలంటే పాపే అడుగుతుంది. అందరూ కలిసి కూర్చుని మీ అన్నం మీరు తినండి, మీ మాటలు మీరు మాట్లాడుకోండి. ఫోను అడుగుతుంది, ఏడుస్తుంది, కంచం తోసేస్తుంది. “అన్నం తినేటప్పుడు ఫోను లేదమ్మా” అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. బతిమాలవద్దు, గద్దించవద్దు. ఇరవై, ముప్పై నిమిషాలయ్యాక కంచం తీసేయండి. మళ్లీ తిండి రెండున్నర, మూడు గంటల తర్వాతే. మధ్యలో మంచినీళ్లు తప్ప బిస్కట్టు, పాలు ఏవీ వద్దు. మొదటి మూడు నాలుగు రోజులు నిజంగా కష్టంగానే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు రెండు పూటలు తక్కువ తింటే ఏమీ కాదు. ఎంతో కాలంగా అణిగి ఉన్న ఆకలి తిరిగి లేవాలంటే ఈ ఖాళీ కావాలి.

పాల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. నాలుగు సీసాలంటే లీటరుకు దగ్గరగా ఉంటుంది. ఈ వయసుకు రోజుకు అర లీటరు దాటకూడదు. పాలతో నిండిన కడుపుకు అన్నం ఎక్కడ పడుతుంది? పాలలో ఇనుము చాలా తక్కువ, పైగా ఎక్కువ పాలు తాగితే ఇతర ఆహారంలోని ఇనుము కూడా ఒంటికి సరిగా పట్టదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. పాలు బాగా తాగే, అన్నం తినని, బొద్దుగా కనిపించే పిల్లల్లో కూడా ఇది ఉంటుంది. పాప బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తింటోందేమో గమనించండి. కనురెప్పల లోపలి భాగం పాలిపోయిందేమో చూడండి. ఎలాగూ ఒకసారి డాక్టరు దగ్గరకు వెళ్తారు కాబట్టి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించమని అడగండి. సీసాను మెల్లగా తీసేసి గ్లాసుతో ఇవ్వండి. నిద్రలో తాగే సీసా పళ్లను పాడుచేస్తుంది, ముందు దాన్నే మానిపించండి. ఆకుకూర పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని ఇనుము బాగా ఒంటికి పడుతుంది. గుడ్డు తినే ఇల్లయితే రోజుకొక గుడ్డు పెట్టండి. వేరుశనగ పలుకులు, వేయించిన సెనగలు మాత్రం అయిదేళ్లు వచ్చేదాకా పొడి చేసే పెట్టాలి, గొంతులో అడ్డంపడితే ప్రాణం మీదికి వస్తుంది.

పక్కింటి బాబు అక్షరాలు చెబుతున్నాడంటే సంతోషించండి, మీ పాపతో పోల్చవద్దు. పిల్లలు ఎదిగే తీరును మన పెద్దవాళ్లు ఎంత ముద్దుగా చూశారో గుర్తుచేసుకోండి. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, కూర్చుంటే కుడుములు, అడుగులు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, పలికితే పంచదార చిలకలు. ఏ నెలలో బోర్లా పడిందని కాదు, బోర్లా పడింది కాబట్టి బొబ్బట్లు వండి వీధంతా పంచారు. ఏ బిడ్డకు ఆ బిడ్డ పండగ. మీ పాప రోజంతా కబుర్లు చెబుతుందని మీరే రాశారు. మూడేళ్ల వయసులో చూడవలసింది అదే: మూడు నాలుగు మాటలు కలిపి చెబుతోందా, కొత్తవాళ్లకు చాలావరకు అర్థమవుతోందా, పిలిస్తే తిరిగి చూస్తోందా, చెప్పిన చిన్న పని అర్థం చేసుకుంటోందా. ఇవి లేకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించాలి. మీ పాప విషయంలో నాకు ఆ భయం కనిపించడం లేదు.

ఏ నుంచి జెడ్ దాకా వరసగా అప్పజెప్పడం ఒక పాటను అప్పజెప్పడం లాంటిదే. తప్పు లేదు, కానీ చదువుకు అది పునాది కాదు. పునాది మాటల్లో ఉంది. తెలుగులో బాగా మాట్లాడే పిల్లకు తర్వాత ఇంగ్లీషు నేర్చుకోవడం కష్టం కాదు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు, కాబట్టి ఇంగ్లీషు అంటే భయపడనక్కర్లేదు. ఇంట్లో మాత్రం మీకు సహజంగా వచ్చే భాషలోనే పాపతో మాట్లాడండి. వచ్చీరాని ఇంగ్లీషులో “కమ్”, “ఈట్”, “సిట్” అని ముక్కలు మాట్లాడే తల్లి కంటే, గుత్తివంకాయ ఎలా వండాలో తెలుగులో వివరంగా చెప్పే నాయనమ్మ దగ్గర పిల్లలకు ఎక్కువ చదువు వస్తుంది. మీ అత్తగారు ఏడు చేపల కథ చెబితే పాప మళ్లీ మళ్లీ అదే చెప్పమంటుంది కదా? విసుగు లేకుండా చెప్పమనండి. ఒకదాని వెంట ఒకటి కారణాలు అడుగుతూ పోయే ఆ కథలో వరస ఉంది, జ్ఞాపకం ఉంది, తర్వాత ఏం వస్తుందో ముందే చెప్పగలిగే సరదా ఉంది. చెమ్మచెక్క, కాళ్లాగజ్జె, దాగుడుమూతలు ఆడించడం కూడా ఆమెకే బాగా తెలుసు.

బడికి తొందరేమీ లేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం ప్రకారం బాల్యవిద్య మూడేళ్ల వయసులో మొదలవుతుంది, ఒకటో తరగతిలో చేరేది ఆరేళ్లు నిండాక. అంటే మీ పాపకు ఏమీ చేయి దాటిపోలేదు. నా అభిప్రాయం ఇది: ఇంట్లో నాయనమ్మ సంతోషంగా చూసుకుంటున్నారు, పాప కులాసాగా ఉంది, కాబట్టి వచ్చే జూన్ దాకా ఆగండి. అప్పటికి మూడేళ్లు దాటుతాయి. ఈ మాట చెబుతూనే మీ అత్తగారిని విడిగా కూర్చోబెట్టి “మీకు అలసటగా ఉందా?” అని అడగండి. మొహమాటం కొద్దీ చెప్పకపోవచ్చు. ఆమెకు మోకాళ్ల నొప్పులో, బీపీయో ఉండి పిల్ల వెంట పరుగెత్తలేకపోతుంటే పూట బడి ఇప్పుడే మంచిది. అప్పుడు అది పాప చదువు కోసం చేసిన పని అనుకోనక్కర్లేదు, పెద్దావిడ విశ్రాంతి కోసం చేసిన పని. అదీ సరైన కారణమే.

జూన్‌లో చేర్చేటప్పుడు గోడల మీద రంగులు చూసి నిర్ణయించకండి. పాపను వెంటబెట్టుకుని బడి నడుస్తున్న వేళలో వెళ్లి అరగంట కూర్చోండి. కూర్చోనివ్వకపోతే ఆ బడి వద్దు. టీచరు పిల్లలతో మాట్లాడేటప్పుడు కిందికి వంగి కళ్లలోకి చూస్తోందా, ఒక్క టీచరు మీద ఎంతమంది పిల్లలున్నారు, ఏడుస్తున్న పిల్లను ఎత్తుకునేవాళ్లు ఉన్నారా, పరుగెత్తడానికి నేల ఉందా, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా, గదిలో టీవీ నడుస్తోందా, ఇవే చూడండి. మూడేళ్ల పిల్లకు ఇంటి పని రాయించే చోటికి పంపకండి. మీ వీధిలో అంగన్‌వాడీ ఉంటే దాన్ని కూడా ఒకసారి చూడండి. ఈ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలు, భోజనం, బరువు చూడటం అక్కడ ఉంటాయి. కొన్ని కేంద్రాలు బాగా నడుస్తాయి, కొన్ని నడవవు. అది వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. డబ్బు కట్టే చోటే చదువు ఉంటుందని ముందుగానే అనుకోవద్దు.

మీరు అడిగిన ఆనందం గురించి ఎక్కువ రాయాలని ఉంది. వీడియోల్లో కనిపించేది పుట్టినరోజు కేకు, కొత్త గౌను, సముద్రం ఒడ్డున పరుగు. మీ ఇంట్లో జరిగేది అది కాదు. మూడేళ్ల పిల్ల “నాన్న వచ్చింది” అంటుంది. ఎప్పుడో గడిచిపోయిన ప్రతిదాన్నీ నిన్న అంటుంది. నీడ తన వెంట ఎందుకు వస్తోందని అడుగుతుంది. చెప్పు ఎడమ కాలిది కుడి కాలికి వేసుకుని గర్వంగా నిలబడుతుంది. ఇంకో ఏడాదికి ఇవి ఉండవు, “నాన్న వచ్చాడు” అని సరిగ్గానే అంటుంది. అందుకని ఒక చిన్న నోటుపుస్తకం వంటింట్లో పప్పుల డబ్బాల పక్కన పెట్టుకోండి. పాప అన్న మాట, కింద తేదీ, అంతే. రోజూ రాయాలని నియమం పెట్టుకోవద్దు, విన్నప్పుడు రాయండి. ఫోటో తీయాలంటే ఫోను చేతిలోకి వస్తుంది, పాప ఆపేసి ఫోను వైపు చూస్తుంది. రాయాలంటే మీరు వినాలి. వినడం అలవాటైతే విసుగు తగ్గుతుంది. మీ అత్తగారిని కూడా పగలు విన్నవి గుర్తుపెట్టుకుని చెప్పమనండి. సాయంత్రం ఆ పదిహేను నిమిషాల్లో మీ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి విషయం దొరకదు.

తొందర తగ్గించడానికి ఇంకో చిన్న ఉపాయం. “ఏ గౌను వేసుకుంటావు?” అని బీరువా ముందు నిలబెడితే పిల్లకు ఏమీ తోచదు, చివరికి ఏడుస్తుంది. రెండు గౌన్లు చూపించి “ఎర్రదా, పసుపుదా?” అని అడగండి. స్నానానికి రానంటే “బకెట్లో చెంబు వేసుకుంటావా, బాతు బొమ్మ వేసుకుంటావా?” అని అడగండి. స్నానం చేయాలా వద్దా అన్నది అడగకండి, అది మీ నిర్ణయం. మందు వేసుకోవడం, స్కూటరు మీద మీ ఇద్దరి మధ్య కూర్చోవడం, రోడ్డు మీద చేయి పట్టుకోవడం వంటివి కూడా పిల్లకు వదిలేసేవి కావు. చిన్న విషయాల్లో తన మాట నెగ్గే పిల్ల పెద్ద విషయాల్లో తక్కువ మొండికేస్తుంది. ఒకసారి ఎర్ర గౌను అన్నాక మళ్లీ పసుపుది కావాలని ఏడిస్తే మాత్రం, ఎత్తుకుని ఓదార్చి, ఎర్రదే వేయండి.

నిద్ర సంగతి కూడా చూసుకోండి. ఈ వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి సుమారు 11 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మధ్యాహ్నం మూడున్నరకల్లా లేపేస్తే రాత్రి తొమ్మిదికి కళ్లు మూతపడతాయి. అయిదు దాకా పడుకోనిస్తే పదిన్నరకు కూడా గంతులేస్తూనే ఉంటుంది, అప్పుడు మీరు కోప్పడతారు.

మీ ఏడుపు గురించి. పని, ఇల్లు, పిల్ల మధ్య అలసిపోయిన తల్లికి బస్సులో కన్నీళ్లు రావడంలో వింత లేదు. పైన చెప్పినవి చేసి చూశాక కూడా రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే, నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే, ఏ పని మీదా మనసు లేకపోతే దాన్ని ఓర్చుకోకండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. అవసరమైతే డాక్టరును కలవండి. ఇందులో చాటుగా ఉంచవలసింది ఏమీ లేదు.

మీవారి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, బడి విషయంలో. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించండి. ఆదివారం ఉదయం పాప స్నానం, టిఫిను, పార్కు ఆయన పని చేయండి. మొదటి వారం జడ వంకరగా వేస్తారు, ఇడ్లీ సగం నేల మీద ఉంటుంది. మీరు గుమ్మంలో నిలబడి సలహాలు చెప్పవద్దు, సబ్బు ఎక్కడుందో కూడా చెప్పవద్దు. వెతుక్కుంటారు. నాన్నతో చేసే స్నానం, నాన్న పెట్టే ఇడ్లీ పాపకు మరోలా ఉంటాయి, అది కూడా దానికి కావాలి. ఆ రెండు గంటలూ మీరు బట్టలు ఉతకడానికి వాడుకోకండి. తలుపు వేసుకుని పడుకోండి.